ముప్పై మీటర్ల రాయి, తొంభై లీటర్ల నీళ్ళు

క్యాలిఫోర్నియా ఎడారిలో ఉన్న జాషువా ట్రీ నేషనల్ పార్కులో రాళ్ళెక్కే దారులు 8,000కు పైమాటే. తాడు కట్టుకోకుండా, కింద దళసరి పరుపు (క్రాష్ ప్యాడ్) వేసుకుని ఎక్కే గుండ్ల దారులు ఇంకో 2,000. గుడారం వేసుకునే స్థలాలు మొత్తం పార్కులో 500 దాకా. పెట్రోలు బంకులు సున్నా. కిరాణా కొట్లు సున్నా. క్లైంబర్లు ఎక్కువగా మకాం వేసే హిడెన్ వ్యాలీ క్యాంప్‌గ్రౌండ్‌లో నీళ్ళ కుళాయిలు కూడా సున్నా. చాలామంది మొదటి అంకె చూసి ప్రయాణం ఖాయం చేసుకుంటారు. ఏర్పాట్లు మాత్రం ఆ చివరి సున్నా నుంచి మొదలుపెట్టాలి.

లాస్ ఏంజెలెస్, ఇర్వైన్, శాన్ డియేగో, బే ఏరియాల్లో ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు క్లైంబింగ్ జిమ్ముకు వెళ్ళే తెలుగువాళ్ళు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నారు. జిమ్ములో ప్లాస్టిక్ పట్లు పట్టుకుని కొన్నాళ్ళు ఎక్కాక అసలు రాయి మీద చెయ్యి వెయ్యాలనిపించడం సహజం. ఎక్కడం ఎలాగన్నది నేర్పేవాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సిందే, కాగితం మీద రాదు. ఇక్కడ రాసేది ఆ రాయి దాకా చేరుకుని, ఎడారిలో ఉండి, క్షేమంగా తిరిగొచ్చే లెక్క. నలుగురు మనుషులు, ఒక కారు, ఆదివారం మధ్యాహ్నం నుంచి బుధవారం మధ్యాహ్నం దాకా మూడు రాత్రులు. ఈ కొలతతోనే చివరిదాకా వెళ్దాం. ఆదివారమే ఎందుకో దారిలో తెలుస్తుంది.

ముందు చోటు గురించి నాలుగు ముక్కలు. పార్కు విస్తీర్ణం సుమారు 3,200 చదరపు కిలోమీటర్లు. 1936లో నేషనల్ మాన్యుమెంట్‌గా ప్రకటించారు, 1994లో నేషనల్ పార్కు అయింది. 2023లో 32 లక్షల మందికి పైగా వచ్చారు. రాయి గ్రానైటు జాతిది, వయసు పది కోట్ల ఏళ్ళ పైన. గరుకుగా ఉంటుంది, బూటు బాగా పట్టు దొరకబుచ్చుకుంటుంది, వేళ్ళ చర్మం రెండో రోజుకే అరిగిపోతుంది. దారులు చాలావరకు ముప్పై మీటర్లు, అంతకన్నా తక్కువ. ఎవరెస్టు, యోసెమిటీ కబుర్లు విన్నవాళ్ళకు ఇదేమంత ఎత్తు అనిపించవచ్చు. రాయి ఎత్తు కాదు, రాయి చుట్టూ ఉన్న ఎడారే ఇక్కడ అసలు పరీక్ష.

ఏ నెలలో

హిడెన్ వ్యాలీ సముద్రమట్టానికి దాదాపు 4,200 అడుగుల ఎత్తున, అంటే 1,280 మీటర్ల దగ్గర ఉంది. ఎడారి కదా, ఎప్పుడూ వేడేననుకుని డిసెంబరులో పల్చటి జాకెట్టుతో దిగితే రాత్రికి పళ్ళు కటకటలాడాల్సిందే. చలికాలంలో పగలు 15 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉండి, రాత్రి సున్నాకి దిగుతుంది. వసంత, శరదృతువుల్లో పగలు సగటున 29, రాత్రి 10. వేసవిలో పగలు 38 దాటుతుంది, రాత్రి కూడా 24 కంటే పెద్దగా తగ్గదు. అప్పుడు రాయి కాలిన పెనమే, క్లైంబింగ్ సంగతి మర్చిపోవడం మంచిది.

ఉష్ణోగ్రతతో పాటు పగటి పొడవూ చూసుకోవాలి. డిసెంబరు చివర్లో సూర్యుడు ఉదయం 6:45 ప్రాంతంలో వచ్చి, సాయంత్రం 4:40కల్లా వెళ్ళిపోతాడు. చేతికి మిగిలేది పది గంటలు. అందులో రాయి వేడెక్కే దాకా ఒక గంట, వంటకీ వెదుకులాటకీ రెండు గంటలు తీసేస్తే ఏడు. మార్చి మధ్యకి పగలు పన్నెండు గంటలవుతుంది. గడియారాలు గంట ముందుకు జరపడంతో పొద్దు ఏడు దాకా ఉంటుంది. మూడు రోజుల్లో ఆరేడు గంటల ఎక్కుడు అదనంగా దొరికినట్టే. నన్నడిగితే మార్చి రెండో సగం, లేదంటే అక్టోబరు చివరి వారాల నుంచి నవంబరు మధ్య దాకా. ఏప్రిల్లో వెళ్ళాలనుకునేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: ఆ నెలలో దగ్గర్లోని ఇండియోలో కోచెల్లా, స్టేజ్‌కోచ్ సంగీతోత్సవాలు వరసగా మూడు వారాంతాలు మింగేస్తాయి. రోడ్డు మీద కారు కదలదు, ఊళ్ళో గది దొరకదు.

రెండు నిమిషాలు పక్కకు వెళ్తే, చాలామంది అడిగే ప్రశ్న: లాస్ వెగాస్ పక్కనున్న రెడ్ రాక్ కాన్యన్ సంగతేమిటి? అదీ బంగారం లాంటి చోటే. అయితే అక్కడి సీనిక్ డ్రైవ్ రోడ్డుకు అక్టోబరు 1 నుంచి మే 31 దాకా వేళ నిర్ణయించిన ప్రవేశ రిజర్వేషను కావాలి. రాయి ఇసుకరాయి, వాన పడితే ఒకటి నుంచి మూడు రోజులు ఆగాలి, తడి రాయి మీద పట్టు ఊడి వచ్చేస్తుంది. జాషువా ట్రీ గ్రానైటు వాన వెలిసిన కొన్ని గంటల్లో ఎండిపోతుంది. మూడు రోజుల సెలవు పెట్టుకుని వచ్చినవాళ్ళకి ఈ ఒక్క తేడా చాలు.

నీళ్ళు: 24 గ్యాలన్లు

నేషనల్ పార్క్ సర్వీస్ చెప్పేది మనిషికి రోజుకి కనీసం ఒక గ్యాలను, అంటే 3.8 లీటర్లు. ఎండలో కష్టపడేవాళ్ళకి దానికి రెట్టింపు. రాయి ఎక్కడం కష్టం కాదని ఎవరూ అనరు గనక రెండు గ్యాలన్లే లెక్క. నలుగురు, మూడు రోజులు, తలా రెండు: 24 గ్యాలన్లు. లీటర్లలో 91. లీటరు నీళ్ళు కిలో కాబట్టి బరువు 91 కిలోలు. కారులో అయిదో మనిషి ఎక్కినట్టే, అదీ కాస్త బొద్దు మనిషి.

ఇక్కడే చాలామంది చూడని అంకె ఒకటుంది. అమెరికాలో ఏ కారుకైనా డ్రైవరు తలుపు తెరిస్తే, తలుపు చట్రం మీద పసుపూ తెలుపూ కలిసిన స్టిక్కరు ఉంటుంది. టైర్లలో గాలి ఎంతుండాలో చెప్పేది అదే. దాని మీదే మనుషులూ సామానూ కలిపి ఎంత బరువు దాటకూడదో కూడా రాసి ఉంటుంది. మామూలు సెడాన్లకు ఇది 850 పౌండ్ల అటూ ఇటూ, అంటే 385 కిలోలు. నలుగురు 70 కిలోల చొప్పున 280. మిగిలింది 105. నీళ్ళు 91 పోతే 14. ఆ పద్నాలుగు కిలోల్లో రెండు గుడారాలు, నాలుగు స్లీపింగ్ బ్యాగులు, తాళ్ళు, లోహపు సామాను, స్టవ్వు, బియ్యం, పప్పు, నలుగురి బట్టలు పట్టాలి. పట్టవు. ఈ సామానే తక్కువలో తక్కువ 50 కిలోలుంటుంది. డిక్కీలో చోటుందని ఎక్కించేస్తాం. కారు వెనక్కి కుంగుతుంది, టైర్లు వేడెక్కుతాయి, కొండదారిలో బ్రేకు ఆలస్యంగా పడుతుంది.

దీనికి మందు నీళ్ళు తగ్గించడం కాదు, రెండు విడతలుగా తెచ్చుకోవడం. లాస్ ఏంజెలెస్ నుంచి మోసుకురావాల్సిన పని అసలే లేదు. పార్కు పశ్చిమ ద్వారం దగ్గర నీళ్ళు పట్టుకోవచ్చు. ఇండియన్ కోవ్ రేంజర్ స్టేషన్లో, ట్వంటీనైన్ పామ్స్ ఊళ్ళో, బ్లాక్ రాక్, కాటన్‌వుడ్ క్యాంప్‌గ్రౌండ్లలో కూడా ఉన్నాయి. హిడెన్ వ్యాలీ, రయన్, జంబో రాక్స్, బెల్, వైట్ ట్యాంక్ క్యాంప్‌గ్రౌండ్లలో మాత్రం చుక్క దొరకదు. ఆదివారం లోపలికి వెళ్తూ పశ్చిమ ద్వారం దగ్గర 12 గ్యాలన్లు పట్టుకోండి, 45 కిలోలు. మంగళవారం ఉదయం చలికి రాయి చల్లగా ఉన్న వేళ ఒకరు కారేసుకుని వెళ్ళి మిగతా 12 తెస్తే సరి. జాషువా ట్రీ ఊరికీ హిడెన్ వ్యాలీకీ మధ్య దూరం దాదాపు 14 మైళ్ళు, 22 కిలోమీటర్లు. ఐసు, రొట్టె, మర్చిపోయిన టూత్‌పేస్టు అన్నీ అదే విడతలో.

డబ్బా ఎంపిక కూడా లెక్కే. క్యాంపింగ్ దుకాణాల్లో 7 గ్యాలన్ల నీలం డబ్బాలు చవగ్గా దొరుకుతాయి. నిండితే 26 కిలోల పైన, ఒక్కరు ఎత్తి బల్ల మీద పెట్టడం కష్టం. పైగా మూత పగిలిందా, ఒకరి మూడు రోజుల వాటా పైగా ఇసుక తాగేస్తుంది. రెండున్నర గ్యాలన్లవి అయిదు కొనుక్కోవడం మేలు.

తాగే నీళ్ళ మాట అది. మన వంటింటి నీళ్ళు వేరే. నలుగురికి అన్నం వండాలంటే బియ్యం మూడుసార్లు కడిగి పారబోసే అలవాటు మనది. పూటకి నాలుగైదు లీటర్లు అలా పోతాయి, గిన్నెలు తోమడానికి ఇంకో నాలుగు. ఆ నీళ్ళు ఎక్కడ పడితే అక్కడ పారబోయడానికీ లేదు. అందుకని బియ్యం ఇంటి దగ్గరే కడిగి ఆరబెట్టి తెచ్చుకోండి, లేదా పోపు పెట్టి వేయించిన ఉప్మా రవ్వ కట్టుకోండి. ఇంకో చిన్న సంగతి, ఈ ఎత్తులో నీళ్ళు 100 దగ్గర కాకుండా 96 డిగ్రీల ప్రాంతంలోనే మరుగుతాయి. కందిపప్పు మామూలు గిన్నెలో ఎంతకీ ఉడకదు, గ్యాసు అయిపోతుంది. చిన్న కుక్కరు పట్టుకెళ్ళండి, లేదా పెసరపప్పుతో సరిపెట్టుకోండి. మొదటి రాత్రికి ఇంటి నుంచి తెచ్చిన పులిహోర ఉండనే ఉంటుంది.

స్థలం: 44లో ఒకటి

హిడెన్ వ్యాలీలో ఉన్నవి 44 స్థలాలు. రిజర్వేషను లేదు, ముందొచ్చినవాళ్ళదే. గుడారం తలుపు తీస్తే ఇంటర్‌సెక్షన్ రాక్, ఓల్డ్ ఉమన్, బ్లాబ్ లాంటి పేరున్న గుండ్లు ఎదురుగానే ఉంటాయి, తాడు భుజాన వేసుకుని రెండు నిమిషాలు నడిస్తే చాలు. అందుకే అక్టోబరు నుంచి మే దాకా వారాంతాల్లో అక్కడ చోటు దొరకడం లాటరీ. శుక్రవారం ఆఫీసు ముగించుకుని రాత్రి పదింటికి చేరేవాళ్ళకి ఆ లాటరీ టికెట్టు కూడా ఉండదు.

ఆదివారం ఎందుకంటే ఇందుకే. వారాంతానికి వచ్చినవాళ్ళు ఆదివారం ఉదయం పదకొండు నుంచి మధ్యాహ్నం దాకా గుడారాలు విప్పుకుని బయల్దేరుతారు. ఆ గంటలో అక్కడుంటే 44లో మీకొకటి రాకపోదు. సెలవు శుక్రవారం బదులు సోమ, మంగళ, బుధవారాలు పెట్టుకుంటే రాళ్ళ దగ్గర వరసలూ ఉండవు. సోమవారం ఫెడరల్ సెలవైతే మాత్రం ఈ లెక్క తలకిందులు, అప్పుడు జనం సోమవారం దాకా కదలరు.

అదృష్టం మీద నమ్మకం లేనివాళ్ళకి రిజర్వేషను స్థలాలున్నాయి. జంబో రాక్స్‌లో 124, ఇండియన్ కోవ్‌లో 101, బ్లాక్ రాక్‌లో 99, రయన్‌లో 31. రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైటులో ఆరు నెలల ముందు నుంచి తీసుకోవచ్చు. అంటే నవంబరు థాంక్స్‌గివింగ్ కోసం మే నెలలోనే కూర్చోవాలి. ఇండియన్ కోవ్ పార్కు ఉత్తరపు అంచున తక్కువ ఎత్తులో ఉంటుంది, చలికాలంలో రెండు మూడు డిగ్రీలు వెచ్చన, గుండ్లు అక్కడా పక్కనే. జనవరిలో వెళ్ళేవాళ్ళకి హిడెన్ వ్యాలీ కంటే అదే నయమంటాను.

ఒక్కో స్థలంలో ఆరుగురు, మూడు గుడారాలు, చోటుంటే రెండు కార్లు. అంతకు మించి ఒప్పుకోరు. పదిమంది బృందం ఒకే స్థలంలో సర్దుకుందామనుకోవడం మన దగ్గర పెళ్ళిళ్ళలో నడుస్తుంది, రేంజర్ దగ్గర నడవదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నిశ్శబ్దం పాటించాలి, బ్లూటూత్ స్పీకరు కారులోనే ఉండనివ్వండి. ఎండు కట్టెలు కనిపించినా ఏరకూడదు, మంటకు కట్టెలు ఊళ్ళో కొనుక్కుని రావాలి, మంట కూడా ఇచ్చిన ఇనుప చట్రంలోనే. ఎలుగుబంట్లు లేవు కానీ కొయోటీలు తిరుగుతుంటాయి. ఇడ్లీ పిండి డబ్బా బయట వదిలేస్తే తెల్లారేసరికి ఉండదు.

అక్టోబరు మధ్య నుంచి ఏప్రిల్ దాకా శని, ఆదివారాల ఉదయం క్లైంబింగ్ రేంజర్లు హిడెన్ వ్యాలీలో కాఫీ పెట్టి కూర్చుంటారు. ఏ గుండు దగ్గర గద్దలు గూడు కట్టాయి, ఏ దారి మూశారు, ఎక్కడ పాత బోల్టు వదులైంది అన్నవి వాళ్ళ నోట వింటే ఇంటర్నెట్టులో గంట వెదికినదానికంటే ఎక్కువ తెలుస్తుంది. ఆదివారం కాస్త పెందలాడే చేరేవాళ్ళకి ఇది రెండో లాభం. కప్పు మనదే పట్టుకెళ్ళాలి.

రోడ్డు, గేటు

లాస్ ఏంజెలెస్ నడిబొడ్డు నుంచి జాషువా ట్రీ ఊరు సుమారు 130 మైళ్ళు, ట్రాఫిక్ లేకపోతే రెండున్నర గంటలు. శాన్ డియేగో నుంచి మూడు గంటలు. బే ఏరియా నుంచి దాదాపు 500 మైళ్ళు, ఎనిమిది గంటలు. రాత్రంతా నడిపి పొద్దున్నే రాయి ఎక్కే సాహసం చెయ్యకండి, నిద్రలేని చేతుల్లో ఎవరి ప్రాణమో ఉంటుంది. శాన్ హోసే నుంచో ఓక్లండ్ నుంచో ఒంటారియో విమానాశ్రయానికి ఎగిరి, అక్కడ కారు అద్దెకు తీసుకుంటే మిగిలేది 90 మైళ్ళు. పామ్ స్ప్రింగ్స్ విమానాశ్రయం ఇంకా దగ్గర, ముప్పావు గంట ప్రయాణం. టికెట్టు కాస్త ఎక్కువ ఉంటుంది.

పదో నంబరు హైవే మీద కొండల మధ్య గాలిమరలు వరసలు కట్టి కనిపించాయంటే 62వ నంబరు రోడ్డుకు మలుపు దగ్గరపడినట్టు. అక్కడ గాలి కారుని పక్కకి నెడుతుంది, కప్పు మీద క్రాష్ ప్యాడ్లు కట్టినవాళ్ళు తాళ్ళు ఒకసారి చూసుకోవాలి. యక్కా వ్యాలీలో పెట్రోలు నింపండి, టెస్లా అయితే ఛార్జింగు కూడా బయటే ముగించండి. లోపల ఫోను సిగ్నల్ దాదాపు ఉండదు. మ్యాపు, క్లైంబింగ్ యాప్‌లోని దారుల వివరాలు, స్థలం రిజర్వేషను కాగితం అన్నీ ఊళ్ళో ఉండగానే ఫోనులోకి దించుకోవాలి.

ప్రవేశ రుసుము కారుకు 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. కారులో నలుగురుంటే తలా ఏడున్నర. ఏడాదిలో మూడు పార్కులు తిరిగేవాళ్ళకి 80 డాలర్ల అమెరికా ది బ్యూటిఫుల్ పాసు లాభం, మూడు కార్ల రుసుము 90 అవుతుంది గనక. అయితే 2026 జనవరి నుంచి ఈ పాసుకు రెండు ధరలు. అమెరికా నివాసులమని ప్రభుత్వ ఫొటో గుర్తింపు కార్డు చూపించగలిగినవాళ్ళకి 80, బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళకి 250. యోసెమిటీ, గ్రాండ్ కాన్యన్, జయాన్ సహా 11 పార్కుల్లో పాసు లేని విదేశీయులకు తలా వంద డాలర్ల అదనపు వడ్డన కూడా మొదలైంది. ఆ పదకొండులో జాషువా ట్రీ లేదు. ఇండియా నుంచి వచ్చిన తమ్ముణ్ణో మరదలినో వెంట తీసుకెళ్ళేవాళ్ళు ఇది చూసుకుని పార్కు ఎంచుకోవచ్చు.

తాడు, అంకెల బడాయి

అమెరికాలో దారి కష్టాన్ని 5.0 నుంచి 5.15 దాకా అంకెల్లో చెప్తారు. జిమ్ములో 5.10 ఎక్కేవాళ్ళు ఇక్కడికొచ్చి 5.10 తోనే మొదలుపెడదామనుకుంటారు. ఇక్కడి దారులకు చాలావాటికి 1960, 70ల్లో అంకె వేశారు. అప్పటివాళ్ళు అంకెలు పిసినారితనంగా వేసేవారు. మొదటి రోజు 5.6, 5.7 దగ్గర ఆగడంలో నామోషీ ఏమీ లేదు. ఓల్డ్ ఉమన్ మీద డబుల్ క్రాస్ అనే పగులు దారి 5.7 ప్లస్ అంటారు. చేతులు పగుల్లో ఇరికించి బిగించడం రానివాళ్ళు అందులో పడే పాట్లు చూస్తే ఆ అంకె అబద్ధమనిపిస్తుంది.

పైగా ఇక్కడ చాలా దారులకు బోల్టులుండవు. పగుల్లో క్యామ్‌లు అనే లోహపు పరికరాలు పెట్టుకుంటూ పైకెళ్ళాలి, పైన యాంకరు కూడా మనమే కట్టుకోవాలి. ఇది జిమ్ములో రాదు. కాబట్టి బృందంలో క్యామ్‌లు పెట్టి ముందు నడవగల మనిషి ఒక్కరూ లేకపోతే, సామాను కొనే డబ్బుతో గైడును పెట్టుకోండి. పార్కు అనుమతి ఉన్న గైడేనా అని అడగండి. రోజుకి కొన్ని వందల డాలర్లు తీసుకుంటారు, నలుగురు పంచుకుంటే భారం తగ్గుతుంది. కొత్తగా క్యామ్‌ల సెట్టు కొన్నా అంతకంటే ఎక్కువే అవుతుంది, వాడటం మాత్రం రాదు.

తాడు 60 మీటర్లది సరిపోతుంది, నాలుగు కిలోల లోపే. దాన్ని సగానికి మడిచి రాపెల్ చేస్తే, అంటే తాడు మీద కిందికి దిగితే, చేరేది 30 మీటర్లే. కొన్ని గుండ్ల మీద నుంచి దిగాలంటే అది చాలదు. అందుకని రెండు కొసలకీ ముడి వెయ్యకుండా ఎవరినీ దించకండి. కొసలు చేతిలోంచి జారిపోవడం ఈ ఆటలో పాత ప్రమాదం, ముడికి పట్టేది పది సెకన్లు. యాంకరు కోసం జాషువా చెట్టుకి గానీ మరే మొక్కకి గానీ తాడు కట్టడం నిషేధం. వదిలేసి రావాల్సిన పట్టీ అయితే రాయి రంగులో కలిసిపోయేదే వాడాలి. రాతి మీద పాత బొమ్మలు కనిపిస్తే 50 అడుగుల లోపల ఎక్కకూడదు.

సిగ్నల్ లేని చోట ప్రమాదం

కాలు విరిగితే 911 కొట్టడానికి గీతలుండవు. ఇంటర్‌సెక్షన్ రాక్ పార్కింగు దగ్గర ఒక అత్యవసర ఫోను ఉంది, ఇండియన్ కోవ్ రేంజర్ స్టేషన్ దగ్గర ఇంకొకటి. మొదటి సాయంత్రమే నలుగురూ వెళ్ళి అది ఎక్కడుందో చూసి రావాలి. ఐఫోన్ 14, ఆ తర్వాత వచ్చినవాటిలో ఉపగ్రహం ద్వారా ఎస్‌ఓఎస్ పంపే వీలుంది, ఆకాశం బాగా కనిపించే చోటికి నడవాలి, గుండ్ల సందులో పనిచెయ్యకపోవచ్చు. కారు తాళం ఒక్కరి జేబులోనే ఉండి, ఆ ఒక్కరే రాయి మీద ఇరుక్కుంటే ఏమిటన్నది కూడా ఆలోచించాలి. తాళం ఎక్కడ పెడుతున్నారో నలుగురికీ తెలియాలి.

ఎక్కడికి వెళ్తున్నారు, ఎప్పటికి తిరిగొస్తారు అన్నది ఇంటి దగ్గరున్న ఒకరికి రాసి పెట్టండి: బుధవారం రాత్రి తొమ్మిదికి ఫోను రాకపోతే పార్కు వాళ్ళకి చెప్పమని. ఈ గడువు లేకపోతే ఎదురుచూసేవాళ్ళు రేపటిదాకా చూద్దామనుకుంటారు.

బీమా సంగతి విడిగా చూడాలి. ఉద్యోగుల ఆరోగ్య బీమాలు సాధారణంగా చికిత్సకి ఇస్తాయి. ఇండియా నుంచి వచ్చినవాళ్ళ విజిటర్ పాలసీల్లో మాత్రం తాడు కట్టుకుని ఎక్కే ఆటలు మినహాయింపుల జాబితాలో ఉండటం మామూలే. నలభై పేజీల పాలసీలో ఆ ఒక్క పేజీ చదవండి. సాహస క్రీడల రక్షణ విడిగా కొనుక్కోవచ్చు.

కారు కదిపే ముందు ప్రతిసారీ వంగి టైర్ల మధ్య చూడమని పార్కు వాళ్ళు అడుగుతారు. ఎండకి ఎడారి తాబేళ్ళు నీడ కోసం కారు కిందకి చేరతాయి. చేత్తో తీసి పక్కన పెడదామనుకోకండి. భయపడితే అవి ఒంట్లో దాచుకున్న నీళ్ళు వదిలేస్తాయి, ఎడారిలో ఆ నీళ్ళు పోతే తాబేలు బతకడం కష్టం. అది కదిలేదాకా ఆగాలి, పావుగంట పట్టినా సరే.

తలా ఎంత

లాస్ ఏంజెలెస్ బృందం లెక్క వేద్దాం. గేటు 30. స్థలానికి రాత్రికి పాతిక అనుకుంటే మూడు రాత్రులకి 75. రానూపోనూ 260 మైళ్ళు, లోపల తిరుగుడు వంద, మొత్తం 360. గ్యాలనుకు 30 మైళ్ళిచ్చే కారుకి 12 గ్యాలన్లు, అయిదు డాలర్ల చొప్పున 60. కూడితే 165, తలా 41 డాలర్లు. తిండి ఇంటి నుంచే. నీళ్ళు ఉచితం. ఊళ్ళో గది తీసుకుంటే ఒక్క రాత్రికే ఇంత దాటవచ్చు. ఎడారి క్లైంబింగ్ ఖరీదైన సరదా అన్న మాట సామాను దుకాణాల దగ్గర పుట్టింది. ప్రయాణం చవకే, గైడు ఒక్కటే పెద్ద ఖర్చు. దాన్లో పొదుపు చెయ్యొద్దన్నది నా పట్టుదల.

హైదరాబాద్ నుంచే వచ్చి ఎక్కాలనుకునేవాళ్ళకి లెక్క మారుతుంది. టికెట్టు, వీసా ఖర్చుల ముందు పైవన్నీ చిల్లర. అంత దూరం వచ్చి తాడు మొదటిసారి పట్టుకోవడం మాత్రం దండగ. నగరానికి యాభై కిలోమీటర్లలో భువనగిరి గుట్ట ఉంది. 2014 మే 25న పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆమెతో ఎక్కిన ఆనంద్ కుమార్ రాళ్ళ మీద ఓనమాలు దిద్దింది అక్కడే. అదీ గ్రానైటే. హార్నెస్ కట్టుకోవడం, బిలే ఇవ్వడం, రాపెల్ చెయ్యడం అక్కడ చేతికి అలవాటు చేసుకుని వస్తే జాషువా ట్రీలో గైడుకు ఇచ్చే మొదటి రోజు డబ్బు పాఠాలకి పోకుండా రాయికి పోతుంది. భారత డ్రైవింగ్ లైసెన్సుతో సందర్శకులు క్యాలిఫోర్నియాలో కారు నడపవచ్చు. అద్దె సంస్థలు అంతర్జాతీయ పర్మిట్ అడిగే అవకాశం ఉంది గనక ఆర్టీయే ఆఫీసులో తీసుకుని రావడం మంచిది.

పెట్టె సర్దేటప్పుడు తాడు, హార్నెస్, బూట్లు ఏ పెట్టెలో పెట్టినా ఇబ్బంది లేదు. చేతులకు రాసుకునే సుద్దపొడి చెకిన్ సామానులో వేసెయ్యండి. అమెరికా వెళ్ళే విమానాల్లో చేతిసంచిలో 350 మిల్లీలీటర్లకు మించిన పొడి ఉంటే విడిగా తనిఖీ చేస్తారు, తెల్లపొడి అయితే ఇక చెప్పక్కర్లేదు. స్టవ్వు గ్యాసు డబ్బా ఏ సామానులోనూ పెట్టనివ్వరు, ఖాళీ చేసి కడగని స్టవ్వును కూడా ఆపేస్తారు. గ్యాసు డబ్బా యక్కా వ్యాలీలో కొనుక్కోవాలి. ఆదివారం దుకాణం తలుపులు ఎన్నింటికి తెరుస్తారో శనివారమే చూసుకోండి.